పాతవా, చౌకవా?

2025 ఆగస్టు 9న విడుదలైన లినక్స్ సిస్టమ్ డెబియన్ 13లో 32 బిట్ పీసీల కోసం కెర్నెల్ లేదు, ఇన్‌స్టాలర్ లేదు. 1993లో డెబియన్ పుట్టిందే ఆ పీసీల మీద. 32 బిట్ ప్యాకేజీలు ఇంకా ఉన్నాయి కానీ, అవి 64 బిట్ యంత్రం మీద పాత ప్రోగ్రాములు నడుపుకోవడానికి మాత్రమే. అలాంటి పీసీలు వాడుతున్నవాళ్లు ఈ విడుదలకు మారవద్దనీ, వీలుంటే 64 బిట్‌ది కొత్తగా ఎక్కించుకోవాలనీ, లేకుంటే ఆ యంత్రానికి విశ్రాంతి ఇవ్వాలనీ డెబియన్ తన విడుదల పత్రంలోనే రాసింది. ఈ దారిలో డెబియన్ ఆలస్యంగా వచ్చింది. ఆర్చ్ లినక్స్ 2017లోనే 32 బిట్‌ను వదిలేసింది. ఉబుంటు అదే ఏడాది 17.10తో 32 బిట్ డెస్క్‌టాప్ ఇన్‌స్టాలర్‌ను ఆపేసింది. 2019లో ఫెడోరా 31, 2020లో లినక్స్ మింట్ 20 అదే బాట పట్టాయి. 2025 మే నెలలో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 10 ఇంకో మెట్టు పైకెక్కి, 64 బిట్ ప్రాసెసర్లలోనే చాలావాటిని గడప బయట నిలబెట్టింది. మొత్తం మీద అందరూ ఒకే మాట అంటున్నారు: పాత ప్రాసెసర్లకు సపోర్టు తీసేస్తున్నాం అని. ఆ ‘పాత’ అనే మాట దగ్గరే నా పేచీ. తీసేసిన ప్రాసెసర్ల జాబితాను, అవి మార్కెట్లోకి వచ్చిన సంవత్సరాలను, అవి కూర్చున్న యంత్రాల ధరలను పక్కపక్కన పెట్టి చూస్తే వయసు కన్నా ధర ఎక్కువ కనిపిస్తుంది. పోతున్నవాటిలో నిజంగా పాతబడినవి కొన్నే. మిగిలినవి చౌకగా అమ్మినవి.

సపోర్టు అంటే ఏమిటో ముందు చూద్దాం. ప్రాసెసర్ తనకు తెలిసిన కొన్ని ఆదేశాలను మాత్రమే పాటిస్తుంది. కొత్త తరం వచ్చినప్పుడల్లా ఆ జాబితాకు కొన్ని కొత్త ఆదేశాలు చేరతాయి. డిస్ట్రో (డెబియన్ లాంటి లినక్స్ పంపిణీ) తయారుచేసేవారు వేలకొద్దీ ప్రోగ్రాముల సోర్సు కోడ్ తీసుకుని, కంపైలర్‌తో ప్రాసెసర్ భాషలోకి మార్చి ప్యాకేజీలుగా పంచుతారు. అలా మార్చేటప్పుడు ఏ తరం వరకు ఉన్న ఆదేశాలు వాడుకోవాలో కంపైలర్‌కు ముందే చెప్పాలి. ఆ గీతే కనీస అర్హత. గీతను పైకి జరిపితే దాని కిందున్న యంత్రం మీద ప్రోగ్రాము నెమ్మదిగా నడవడం ఉండదు, అసలు నడవనే నడవదు. తెలియని ఆదేశం ఎదురైన చోట ప్రాసెసర్ చేతులెత్తేస్తుంది, సిస్టమ్ ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే చంపేస్తుంది.

అలా చేతులెత్తేసిన ఒక ప్రాసెసర్‌ను దగ్గరగా చూడాలి. పేద దేశాల బడిపిల్లలకు వంద డాలర్ల లాప్‌టాప్ అందించాలనే సంకల్పంతో నికొలస్ నెగ్రోపాంటే మొదలుపెట్టిన పథకంలో 2007లో వచ్చిన యంత్రం ఎక్స్‌ఓ-1. ఉరుగ్వేలో, పెరూలో లక్షల మంది పిల్లల చేతికి అది చేరింది. అందులో 433 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచే ఏఎండీ జియోడ్ ఎల్‌ఎక్స్ ప్రాసెసర్, 256 ఎంబీ మెమరీ ఉన్నాయి. 32 బిట్ ప్రాసెసర్లలో ఐ686 అనే తరానికి ఉండాల్సిన ఆదేశాల్లో జియోడ్‌కు దాదాపు అన్నీ తెలుసు. తెలియనిది ఒకటుంది. దాని అర్థం ‘ఏమీ చేయకుండా ముందుకు సాగు’. కోడ్ ముక్కలను మెమరీలో సరైన గళ్లలో కూర్చోబెట్టడానికి కంపైలర్లు మధ్యమధ్య ఇలాంటి ఖాళీ ఆదేశాలను నింపుతుంటాయి. అందులో ఒక బైటుతో సరిపోయే పొట్టి రూపం ప్రతి ప్రాసెసర్‌కూ తెలుసు. తర్వాత వచ్చిన పొడుగు రూపం జియోడ్‌కు తెలియదు. కొత్త ప్రాసెసర్లలో దాడులను అడ్డుకోవడానికి కోడ్‌లో పెట్టే భద్రతా గుర్తులను కూడా, పాతవి ఖాళీ ఆదేశంగా చదువుకుని దాటిపోయేలా ఈ కోవలోనే రూపొందించారు. జియోడ్ దాటిపోలేదు, అక్కడే కూలిపోతుంది. డెబియన్ 11 వరకు ఈ ప్రాసెసర్‌కు చోటు ఉండేది. 2023లో వచ్చిన డెబియన్ 12 ఆ పొడుగు ఖాళీ ఆదేశాన్ని తప్పనిసరి చేసి జియోడ్‌ను వదిలేసింది. 433 మెగాహెర్ట్జ్ యంత్రం మీద ఈనాటి బ్రౌజరు నడవదని నాకూ తెలుసు. అయినా దానికి తలుపు మూసింది వేగం కాదు. పని చేయమని చెప్పే ఆదేశం కూడా కాదు.

తర్వాతి మెట్టు అటమ్. 64 బిట్ పీసీ ప్రాసెసర్లను ఏఎండీ 2003లో తెచ్చింది, మరుసటి ఏడాదే ఇంటెల్ అందుకుంది. 2006లో వచ్చిన కోర్ 2తో మామూలు పీసీల్లో 64 బిట్ సర్వసాధారణమైంది. అంత జరిగాక, 2008లో, ఇంటెల్ అటమ్ ఎన్270 అనే ప్రాసెసర్‌ను 32 బిట్‌కే పరిమితం చేసి విడుదల చేసింది. నెట్‌బుక్ అని పిలిచిన చిన్న లాప్‌టాప్‌ల కోసం వచ్చిందది. పూర్తిస్థాయి లాప్‌టాప్ కొనలేని ఇళ్లలో మొదటి కంప్యూటరుగా అడుగుపెట్టినవి చాలాచోట్ల అవే. 2017 నుంచి డిస్ట్రోలు ఒక్కొక్కటే 32 బిట్‌ను వదిలేసినప్పుడు, 2006 నాటి కోర్ 2 కంప్యూటరు లోపలే ఉండిపోయింది, రెండేళ్లు చిన్నదైన నెట్‌బుక్ బయటికి వెళ్లింది. పుట్టిన తేదీయే కొలమానమైతే ఇలా జరగడానికి వీల్లేదు.

ఇప్పుడు నడుస్తున్న మూడో ఘట్టంలో ఇది ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 2020లో ఏఎండీ, ఇంటెల్, రెడ్‌హ్యాట్, సుసె సంస్థల ఇంజనీర్లు కలిసి 64 బిట్ ప్రాసెసర్లను ఆదేశాల లెక్కన శ్రేణులుగా విడగొట్టారు. వీ1 అంటే 2003 నాటి మూల రూపం. వీ2 అంటే సుమారుగా 2008లో వచ్చిన ఇంటెల్ నెహాలెమ్ స్థాయి. వీ3 అంటే 2013 నాటి హాస్వెల్ స్థాయి, ఏవీఎక్స్2 వంటి ఆదేశాలు అందులోకి వస్తాయి. రెడ్‌హ్యాట్ 9వ వెర్షన్ 2022లో వీ2ను, 10వ వెర్షన్ వీ3ను కనీస అర్హతగా పెట్టుకున్నాయి. 2025లో వచ్చిన రెడ్‌హ్యాట్ 10 పన్నెండేళ్ల నాటి ప్రాసెసర్‌ను అంగీకరిస్తోందంటే వినడానికి ఉదారంగానే ఉంటుంది. కానీ ఈ శ్రేణులు సంవత్సరాల మెట్లు కావు. ఇంటెల్ తన కోర్ ప్రాసెసర్లలో ఏవీఎక్స్2 ఇస్తూనే, అదే నిర్మాణంతో తయారైన పెంటియం, సెలెరాన్ రకాల్లో దాన్ని పనిచేయకుండా ఆపి తక్కువ ధరకు అమ్మింది. 2020లో వచ్చిన పెంటియం గోల్డ్ జీ6400లో ఏవీఎక్స్2 లేదు. 2021 జనవరిలో ప్రకటించిన సెలెరాన్ ఎన్4500లోనూ లేదు, దాని నిర్మాణమే వేరు. ఎన్4500 చౌక లాప్‌టాప్‌ల ప్రాసెసర్. దాని మీద రెడ్‌హ్యాట్ 10 ఎక్కించబోతే కెర్నెల్ మేలుకుంటుంది, ఆ వెంటనే మూల లైబ్రరీ అయిన జీలిబ్‌సీ ఈ సీపీయూకు వీ3 లేదని ఒక్క వరుస చెప్పి ఆగిపోతుంది. ఇక సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల, కంపెనీలు వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌ల్లో నాలుగో తరం కోర్ ఐ5 కనిపించిందనుకోండి, అది 2013-14 నాటి హాస్వెల్. వీ3 పరీక్షలో అది నెగ్గుతుంది. ఎనిమిదేళ్ల తర్వాత పుట్టిన సెలెరాన్ ‘పాత ప్రాసెసర్’ అవుతుంది. దీన్ని వయసు అని ఎలా అంటాం?

ఇంత చెప్పాక, దేనికీ ఎన్నటికీ సపోర్టు తీయకూడదన్నది నా వాదన అనుకోవద్దు. 32 బిట్ విషయంలో డిస్ట్రోల నిర్ణయం సరైనదే. ఆలస్యంగా తీసుకున్నారని కూడా అంటాను. 2018 జనవరిలో ప్రాసెసర్లలోని మెల్ట్‌డౌన్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు 64 బిట్ లినక్స్‌కు రక్షణ ఆ నెలలోనే, 4.15 కెర్నెల్‌తో వచ్చింది. 32 బిట్‌కు అదే రక్షణ అక్టోబరులో 4.19తో గానీ అందలేదు. అదైనా సుసెలో పనిచేసే ఒక ఇంజనీరు పట్టుబట్టి రాయబట్టే. ఆ తొమ్మిది నెలల్లోనూ ఎన్నో డిస్ట్రోల జాబితాలో 32 బిట్ సపోర్టు ఉన్నట్టే రాసి ఉంది. వాడుతున్నవాళ్లు తాము సురక్షితమనే అనుకున్నారు. కాగితం మీద ఉండి చేతల్లో లేని సపోర్టు, లేదని ముఖం మీద చెప్పడం కన్నా ప్రమాదకరం. నిర్మాణపు చిక్కులూ ఉన్నాయి. 32 బిట్ ప్రోగ్రాము నాలుగు జీబీకి మించి మెమరీని చూడలేదు. ఈనాటి బ్రౌజరు కోడ్‌ను చివర్లో ఒక్క ఫైలుగా అతికించడానికే అంతకు మించి కావాల్సి వస్తుంది. గూగుల్ క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది, ఫైర్‌ఫాక్స్ 2025లో 145వ వెర్షన్‌తో వదిలేసింది. 2038 జనవరి 19న 32 బిట్ గడియారం అంకెలు నిండిపోయి వెనక్కి తిరుగుతుంది. దాన్ని తప్పించడానికి 2024లో డెబియన్ 32 బిట్ ఆర్మ్ ప్యాకేజీలన్నిటినీ 64 బిట్ సమయానికి మార్చింది. 32 బిట్ పీసీని మాత్రం కావాలనే మార్చలేదు, మారిస్తే పాత ప్రోగ్రాములు పనిచేయవు, ఆ ప్యాకేజీలు మిగిలి ఉన్నదే వాటి కోసం. ఈ బరువంతా మోయాలంటే ఆ యంత్రాలను రోజూ వాడుతూ, లోపాలను వెతికి సరిదిద్దే మనుషులు కావాలి. డెబియన్ ప్రతి విడుదలకు ముందు ఏ ప్రాసెసర్ కుటుంబానికి అలాంటివాళ్లు ఉన్నారో అడుగుతుంది. చెయ్యెత్తేవాళ్లు లేనప్పుడు తప్పుకోవడం నిజాయితీ.

ఆ నిజాయితీలోనూ ఎవరి గొంతు వినబడిందో గమనించాలి. 2019 జూన్‌లో ఉబుంటు 32 బిట్ ప్యాకేజీలన్నిటినీ తీసేస్తామని ప్రకటించగానే పెద్ద దుమారం లేచింది. ఆటలు అమ్మే స్టీమ్ వేదికను నడిపే వాల్వ్ సంస్థ, ఉబుంటును ఇక సిఫారసు చేయబోమన్నంత పని చేసింది. విండోస్ ప్రోగ్రాములను లినక్స్ మీద నడిపించే వైన్ బృందం ఆందోళన వ్యక్తం చేసింది. కొద్దిరోజుల్లోనే ఉబుంటు వెనక్కి తగ్గి, ఎంపిక చేసిన 32 బిట్ లైబ్రరీలను ఉంచుతామంది. 2025లో ఫెడోరాలో అలాంటి ప్రతిపాదనే వచ్చినప్పుడు కూడా గేమింగ్ వర్గం అభ్యంతరపెట్టాక దాన్ని ఉపసంహరించుకున్నారు. ఈ రెండు సందర్భాల్లోనూ నెగ్గింది 64 బిట్ యంత్రాలున్నవాళ్లు, పాత ఆటలు ఆడుకునేవాళ్లు. వాళ్ల కోరిక న్యాయమైనదే. కానీ 32 బిట్ ప్రాసెసర్ తప్ప వేరే దిక్కులేని మనిషి ఆ చర్చల్లో ఎక్కడా లేడు. అతను లెక్కల్లోనూ ఉండడు. ఎవరు ఏం వాడుతున్నారో తెలుసుకోవడానికి డెబియన్‌లో ఉన్న గణన స్వచ్ఛందమైనది, వాడేవాళ్లు ఒప్పుకుంటేనే లెక్కలోకి వస్తారు. ఇంటర్నెట్ లేని బడి ల్యాబులోని యంత్రం ఏ సర్వరుకూ తన ఉనికి చెప్పుకోదు. అలాంటి అంకెల్ని చూసి ‘దీన్నెవరూ వాడడం లేదు’ అనడం తొందరపాటు.

వీ3 దగ్గరికి వచ్చేసరికి, 32 బిట్ విషయంలో నేను ఒప్పుకున్న కారణాలేవీ వర్తించవు. వీ1కూ వీ3కీ సోర్సు కోడ్ ఒకటే, కెర్నెల్ ఒకటే, భద్రతా సవరణలూ ఒకటే. తేడా కంపైలర్‌కు ఇచ్చే ఒక్క సూచనలో ఉంది. నాలుగు జీబీ గోడ గానీ, 2038 గడువు గానీ, ప్రత్యేకంగా కాపలా కాసే మనుషుల అవసరం గానీ లేవు. చెప్పే కారణం వేగం. ఆ వేగం ఎంత? మొత్తం ప్యాకేజీలను వీ3కి తిరిగి కంపైల్ చేసి చూసిన ఉబుంటు, ఎక్కువ ప్యాకేజీల్లో మెరుగుదల సుమారు ఒక శాతమేనని, లెక్కలు ఎక్కువగా చేసే కొన్నింటిలో అంతకు మించి ఉంటుందని చెప్పింది. ఆ లెక్కలు ఎక్కువగా చేసే ప్రోగ్రాముల్లో చాలావాటికి గీత జరపాల్సిన అవసరమే లేదు. వీడియోలు విప్పే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్, మాత్రికల గణితం చేసే ఓపెన్‌బ్లాస్ తాము ఏ ప్రాసెసర్ మీద ఉన్నాయో నడిచేటప్పుడే చూసుకుని తగిన కోడ్‌ను ఎంచుకుంటాయి. జీలిబ్‌సీ కూడా మెమరీ కాపీ చేసే పనికి చాలా ఏళ్లుగా అలాగే చేస్తోంది. 2021లో వచ్చిన జీలిబ్‌సీ 2.33 నుంచి, ఒకే లైబ్రరీకి వీ1 రూపాన్నీ వీ3 రూపాన్నీ పక్కపక్కన ఉంచితే యంత్రాన్ని బట్టి సరైనదాన్ని అదే తీసుకుంటుంది. ఓపెన్‌సుసె టంబుల్‌వీడ్ 2022లో గీతను వీ2కు జరపాలనుకుని, అభ్యంతరాలు వచ్చాక గీతను కదపకుండా ఈ పద్ధతినే ఎంచుకుంది. ఉబుంటు 25.10లో వీ3 కావలసినవాళ్లకు అదనపు రూపంగా ఇచ్చింది, మామూలు రూపాన్ని తీసేయలేదు. ఆల్మాలినక్స్ అయితే రెడ్‌హ్యాట్ 10కి సమానమైన తన 10వ వెర్షన్‌ను వీ3తో పాటు వీ2కూ విడిగా తయారుచేసి పెట్టింది. రెడ్‌హ్యాట్ కన్నా చాలా చిన్న సంస్థ అది. కాబట్టి సాధ్యం కాదన్న మాట నిలవదు.

దీనికి రెడ్‌హ్యాట్ వైపు నుంచి రాగల జవాబు తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. వాళ్ల సరుకు సర్వర్ల కోసం, వాళ్ల ఖాతాదారులు నాలుగైదేళ్లకోసారి సర్వర్లు మారుస్తారు, పదేళ్లు నిలవాల్సిన వెర్షన్‌కు 2013 నాటి గీత చాలా వెనకటిది. సర్వరు గదికి ఆ తర్కం సరిపోతుంది, డబ్బు తీసుకుని మాటిచ్చిన ఖాతాదారులకు వాళ్లు బాధ్యులు. కానీ డిస్ట్రోలు ఒకదాని మీద ఒకటి నిలబడే ఇళ్లు. పునాది వేసినవాడి నిర్ణయం మేడ మీద ఉన్నవాడికీ తగులుతుంది. రెడ్‌హ్యాట్ గీత జరపగానే, దాన్ని అనుసరించి తయారయ్యే రాకీ లినక్స్ 10 కూడా జరిపింది. డెబియన్ 32 బిట్‌ను వదలగానే, పాత కంప్యూటర్లవాళ్లకు ఆసరాగా పేరున్న ఎంఎక్స్ లినక్స్, మింట్ వారి డెబియన్ రూపం రెండూ తర్వాతి వెర్షన్‌లో వదిలేశాయి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ బడిపిల్లల కోసం బాలస్వేచ్ఛ తయారుచేసింది, కేరళ ప్రభుత్వ బడుల కోసం కైట్ సంస్థ ఉబుంటు ఆధారంగా తన సిస్టమ్‌ను తయారుచేస్తోంది. తెలుగు, మలయాళం మెనూలు, పాఠాల సాఫ్ట్‌వేరు ఇలాంటివాళ్లు సొంతంగా చేర్చుకోగలరు. ప్రాసెసర్ గీతను మార్చడం అంటే వేల ప్యాకేజీలను తిరిగి కంపైల్ చేయడం. ఆ సత్తువ వాళ్లకు ఉండదు. అందుకే మూల డిస్ట్రో తీసుకునే నిర్ణయాన్ని దాని సొంత ఖాతాదారుల వరకే పరిమితమైనదిగా చూడలేం.

ఇంకో అభ్యంతరం, పాత వెర్షన్‌తోనే సరిపెట్టుకోవచ్చు కదా అన్నది. కొన్నాళ్లు వచ్చు. డెబియన్ 12కు ఉచితంగా అందే దీర్ఘకాలిక సపోర్టు కలుపుకున్నా అది 2028 దాకానే. ఆ తర్వాత ఇంటర్నెట్‌కు తగిలించిన యంత్రం తాళం లేని ఇల్లు. పాత యంత్రం కరెంటు తింటుంది, తీసేయడమే పర్యావరణానికి మేలు అనేవాళ్లు ఉన్నారు. పెంటియం 4 నాటి డెస్క్‌టాప్ విషయంలో అది నిజం, అందులో కొన్ని ప్రాసెసర్లే వంద వాట్లు దాటేవి, అలాంటి దాన్ని పగలంతా నడిపే బదులు రెండు మూడు వాట్లతో సరిపెట్టుకునే చిన్న బోర్డు కొనడం మంచిది. వీ3 గీత కింద పడిన సెలెరాన్ ఎన్4500 ఆరు వాట్ల ప్రాసెసర్. దాన్ని వదిలి కొత్తది కొంటే కరెంటు ఆదా ఏమీ లేదు, ఇంకో లాప్‌టాప్ తయారీ భారం అదనం. సెకండ్ హ్యాండ్‌లో మంచి 64 బిట్ యంత్రం దొరుకుతుంది కదా అన్న మాటను 32 బిట్ నెట్‌బుక్ విషయంలో నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అదే సలహాను నాలుగేళ్ల కిందట కొత్తది కొన్న విద్యార్థికి, కొని తీర్చిన వాయిదాల మీద మళ్లీ వాయిదాలు కట్టమని, ఏ ముఖంతో చెబుతాం?

విండోస్ 10కు 2025 అక్టోబరు 14న మామూలు సపోర్టు ఆగిపోయింది. విండోస్ 11 ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను దాదాపుగా ఒప్పుకోదు. ఆ యంత్రాల యజమానులను రమ్మని లినక్స్ ప్రపంచం పిలుస్తోంది, పిలవాలి కూడా. పిలిచిన చోట చోటు ఉండాలి. వీ2 గీత నాకు సమంజసంగా కనిపిస్తుంది. దాని కింద మిగిలేవి ఎక్కువగా కోర్ 2, ఫెనోమ్, తొలి అటమ్‌ల వంటివే, 2013 తర్వాతి చౌక అటమ్‌లు, సెలెరాన్‌లు కూడా దాన్ని దాటుతాయి, అంటే అక్కడ వయసూ ధరా కలిసే నడుస్తాయి. వీ3 అలా కాదు. మామూలు మనుషులు వాడే డిస్ట్రో దాన్ని కనీస అర్హత చేయాలంటే, ఏవీఎక్స్2 లేకుండా అమ్మిన ఆఖరి తరం యంత్రాలకు పదేళ్లు నిండేవరకు ఆగాలి. గీత ఎప్పుడు జరిపినా ముందొక వెర్షన్ కాలమంతా హెచ్చరిక ఉండాలి, అప్‌గ్రేడ్ ప్రోగ్రాము మొదటి ప్యాకేజీని తాకకముందే ప్రాసెసర్‌ను పరీక్షించి ఆగాలి. ఆ పరీక్షకు కావలసిన వివరమంతా లినక్స్‌లో ‘సీపీయూ ఇన్ఫో’ అనే ఒక చిన్న ఫైలులో ఎప్పటి నుంచో ఉంది. అందులో ఫ్లాగ్స్ అనే వరుసలో ఏవీఎక్స్2 అన్న మాట ఉందో లేదో చూడడానికి క్షణం చాలు. సగం అప్‌గ్రేడ్ అయ్యి, మళ్లీ ఆన్ కాని లాప్‌టాప్‌ను బాగుచేసుకోవడానికి మాత్రం ఇంకో కంప్యూటరు కావాలి. ఎన్4500 కొన్న ఇంట్లో ఆ ఇంకో కంప్యూటరు సాధారణంగా ఉండదు.